ఒకటే డిస్కు, మూడు మిషన్లల్ల మూడు తీర్ల పేర్లు: ఐఎస్‌ఓ, జోలియెట్, యూడీఎఫ్‌ల ఏది పెట్టాలె?

మిర్యాలగూడ_మిక్సింగ్
యాదగిరిగుట్ట కళ్యాణం వీడియోలు, ఫొటోలు డీవీడీల మీద ఇయ్యాలె. మొత్తం 40 సెట్లు. ఫైల్ పేర్లు తెలుగులనే ఉండాలని అడిగిన్రు. నమూనాకు ఉబుంటుల కేత్రీబీ అనే డిస్కులు కొట్టే ప్రోగ్రాంతోని ఒక డిస్కు కొట్టినం. ఫైల్ పేరు ఇది: "శ్రీ లక్ష్మీనరసింహస్వామి కళ్యాణోత్సవం యాదగిరిగుట్ట రెండో భాగం", దాని వెనక చుక్క, మూడక్షరాల ఎక్స్‌టెన్షన్.

ఉబుంటుల పెడితే పేరు పూర్తిగ వస్తున్నది. విండోస్ 10ల "రెండో భాగ" దగ్గర ఆగుతున్నది, సున్నా పోయింది. టీవీ కింది డీవీడీ ప్లేయర్‌ల అన్నీ కింది గీతలే. ఇంకో డిస్కు విండోస్ 11ల మామూలుగ డ్రాగ్ చేసి ఎక్కించినం. కంప్యూటర్‌ల మంచిగనే తెరుచుకుంటది, ప్లేయర్ మాత్రం డిస్కే లేదంటది. తీసుకునేటోళ్ళల్ల ఒకరి దగ్గర ఇంకా ఎక్స్‌పీ ఉన్నది, ఒకరి దగ్గర మ్యాక్ ఉన్నది. అందరి దగ్గర తెరుచుకునే ఫార్మాట్ ఏది?

నకిరేకల్_నెట్
పెన్‌డ్రైవ్ ఇయ్యరాదా అన్నా

మిర్యాలగూడ_మిక్సింగ్
డిస్కులే అడిగిన్రు తమ్మీ. బీరువల దాచుకుంటరట, ఎవరూ చెరిపెయ్యకుండ ఉండాలన్నరు.

సెక్టార్16
డిస్కు మీద ఫైళ్ళు ఒక్కసారే ఉన్నాయి. వాటికి రాసిన జాబితాలే ఒకటికి మించి ఉన్నాయి. ఏ మిషన్ ఏ జాబితా చదివితే ఆ పేరు కనిపిస్తుంది.

ఐఎస్‌ఓ 9660లో మొదటి 16 సెక్టార్లు వదిలేస్తారు. ఒక్కో సెక్టారు 2048 బైట్లు కాబట్టి అది 32 కేబీ. 16వ సెక్టారు నుంచి వాల్యూమ్ డిస్క్రిప్టర్లు వరసగా ఉంటాయి. ఒకటో రకం ప్రైమరీ, అంటే 1988 నాటి అసలు ఐఎస్‌ఓ జాబితా. మొదటి లెవెల్‌లో పేరుకు ఎనిమిది అక్షరాలు, ఎక్స్‌టెన్షన్‌కు మూడు. ఇంగ్లీషు పెద్దక్షరాలు, అంకెలు, కింది గీత తప్ప మరేవీ చెల్లవు. మీ ప్లేయర్ చదివేది ఇదే. తెలుగు అక్షరం వచ్చిన ప్రతిచోటా గీత పడుతుంది.

రెండో రకం సప్లిమెంటరీ. విండోస్ 95 రోజుల్లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన జోలియెట్ ఇందులో ఉంటుంది. యూనికోడ్ పేరు పడుతుంది కానీ హద్దు 64. చదివే సాఫ్ట్‌వేర్‌కు 255వ రకం డిస్క్రిప్టర్ కనిపిస్తే వరస అయిపోయినట్టు.

లినక్స్ లాంటి వాటి కోసం ఐఎస్‌ఓకు చేర్చిన అదనపు పద్ధతి రాక్ రిడ్జ్. దానికి విడిగా జాబితా లేదు. ప్రైమరీలోని ఒక్కో ఫైల్ నమోదు వెనకే అసలు పేరు, పర్మిషన్లు, సింబాలిక్ లింకులు అతికించి ఉంటాయి. లినక్స్ ముందు దాన్నే వెతుకుతుంది, అది లేకపోతేనే జోలియెట్‌కు పోతుంది. విండోస్ ఏ వెర్షన్‌లోనూ రాక్ రిడ్జ్ చదవదు. మీకు ఉబుంటులో పూర్తి పేరు, విండోస్‌లో తెగిన పేరు రావడానికి కారణం ఇదే.

వనపర్తి_విండోస్
64 అక్షరాలంటే తక్కువేం కాదు కదా. పైన రాసిన పేరు లెక్కపెడితే 24 అక్షరాలే ఉంది. తెగాల్సిన పని లేదు. కేత్రీబీలోనే ఏదో సెట్టింగ్ తప్పు ఉంటుంది.

సెక్టార్16
వనపర్తి గారూ, 24 అనేది మనం నోటితో చదివే లెక్క. జోలియెట్ ఒక్కో యూనికోడ్ గుర్తునూ విడిగా లెక్కపెడుతుంది. "శ్రీ" మనకు ఒకటి. దానికి శ, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం నాలుగు. ఆ లెక్కన "లక్ష్మీనరసింహస్వామి" 19, "కళ్యాణోత్సవం" 12, "యాదగిరిగుట్ట" 12, "రెండో" 5, "భాగం" 4. శ్రీతో కలిపి 56. ఖాళీలు ఐదు, చుక్కతో ఎక్స్‌టెన్షన్ నాలుగు. మొత్తం 65. ఒక్కటి ఎక్కువైంది, ఆ ఒక్కటే చివరి సున్నా. సెట్టింగ్ తప్పేమీ లేదు.

ఇదే పేరు రాక్ రిడ్జ్‌లో పడుతుంది. అక్కడ హద్దు 255 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తుకు మూడు బైట్లు కాబట్టి 168, మిగతావి 9, మొత్తం 177. యూడీఎఫ్ అనే వేరే జాబితా పద్ధతిలోనూ పడుతుంది, అక్కడ తెలుగు లాంటి 16 బిట్ల గుర్తులు 127 దాకా పోతాయి.

వనపర్తి_విండోస్
నిజమే, ఒత్తులు లెక్కలోకి తీసుకోలేదు. ఇది తెలుగు పేర్లు పెట్టే ప్రతి ఒక్కరికీ తెలియాల్సిన సంగతి.

పాలమూరు_పెంగ్విన్
దీనికి తోడు ఇంకోటి ఉన్నది. "మహబూబ్‌నగర్" అని రాసేటప్పుడు బ్ కింద న ఒత్తు పడకుండ నడుమ ఒక కనిపించని గుర్తు వేస్తం. అదీ ఒకటి కింద లెక్కే. ఆ పేరుకు 11 అవుతయి. ఒక ఫోల్డర్‌ల ఆ గుర్తు వేసి, ఇంకో దాంట్ల వెయ్యకుండ టైప్ చేస్తే రెండూ వేర్వేరు పేర్లు. వెతికితే ఒకటి దొరుకుతది, రెండోది దొరకదు. డిస్కు కొట్టినంక దిద్దుడు ఉండదు కాబట్టి ముందే చూస్కోవాలె.

పొడుగు పేర్లకు కేత్రీబీల జోలియెట్ హద్దు 103కు పెంచే టిక్కు ఉన్నది. అది స్టాండర్డ్‌కు బయటిది. విండోస్ చదువుతది గానీ అన్ని ప్లేయర్లు ఒప్పుకోవు. రెండు పేర్లు 64 దాక ఒక్కతీర్గ ఉండి ఆ తర్వాత వేరైతే, ఇమేజ్ (డిస్కు మొత్తానికి నకలు ఫైల్) చేసే ప్రోగ్రాం "జోలియెట్ ట్రీ సార్ట్ ఫెయిల్డ్" అని ఆగిపోతది. భాగం నంబరు పేరు చివర్ల పెట్టేటోళ్ళకు ఇది తప్పకుండ తగుల్తది. నంబరు ముందల పెట్టుండ్రి: "02 కళ్యాణోత్సవం" అన్నట్టు.

కమాండ్ లైన్ల జెన్‌ఐసోఇమేజ్ అనే ఇమేజ్ చేసే ప్రోగ్రాం వాడేటోళ్ళు ఇన్‌పుట్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని తప్పకుండ ఇయ్యాలె. లొకేల్ సరిగ లేని సిస్టంల అది ఇయ్యకపోతే జోలియెట్‌ల గూడ తెలుగు పాడైతది.

జడ్చర్ల_బర్నర్
ఇంత తిప్పలెందుకు, అన్నిటికీ యూడీఎఫ్ పెట్టేస్తే అయిపాయె. పేరు హద్దు పెద్దది, 4 జీబీ ఫైల్ గొడవ లేదు. ఎక్స్‌పీ నుంచి విండోస్ 11 దాక అన్నీ చదువుతయి.

దేవరకొండ_డ్రైవ్
"యూడీఎఫ్" అంటే ఒకటి కాదు జడ్చర్ల అన్నా, ఏ వెర్షనో చెప్పాలె. విండోస్ 98 1.02 చదువుతది. 2000 అయితే 1.50 దాక, ఎక్స్‌పీ 2.01 దాక. 2.50 చదవాలంటే విస్టా గానీ ఆ తర్వాతది గానీ కావాలె. 2.50 పెట్టి కొట్టిన డిస్కు ఎక్స్‌పీల పెడితే ఖాళీ డిస్కు లెక్కనే కనవడ్తది, ఎర్రర్ గూడ సక్కగ చెప్పదు.

లినక్స్‌ల 2.50 చదువుడు 2008ల వచ్చిన 2.6.26 కెర్నల్ నుంచి ఉన్నది. 2.50ల ఫైళ్ళ సమాచారం మెటాడేటా పార్టిషన్ అని వేరే చోట ఉంటది, పాత కెర్నల్‌కు అది తెల్వదు. ఇప్పటి కెర్నల్ గూడ దాన్ని చదువుతది గానీ రాయదు. రాసుడు 2.01 దాకనే.

ఇగ టీవీ కింది ప్లేయర్లకైతే 1.02 ఒక్కటే, అదీ పక్కన ఐఎస్‌ఓ ఉంటేనే. డీవీడీ వీడియోకు పెట్టిన పద్ధతే అది.

సెక్టార్16
దేవరకొండ అన్న చెప్పింది సరైనది. వెర్షన్ల వెనక కారణాలు తెలిస్తే గుర్తుంటాయి.

1.02 వచ్చింది 1996లో, డీవీడీ వీడియో దాని మీదే నిలబడింది. 1997లో 1.50 వచ్చింది. ఒక్కసారే రాయగలిగే సీడీ-ఆర్ మీద కొద్దికొద్దిగా రాయడానికి వ్యాట్ అనే పట్టిక, సీడీ-ఆర్‌డబ్ల్యూ మీద చెడిన చోటుకు బదులు చోటు చూపే స్పేరింగ్ పట్టిక అందులోవి. 2.00, 2.01 ఫైలుకు అదనపు స్ట్రీమ్‌లు ఇచ్చాయి. 2.50 వచ్చింది 2003లో, బ్లూ-రే సినిమా డిస్కులు దాని మీద ఉంటాయి. 2005 నాటి 2.60 ఒక్కసారే రాసే డిస్కు మీద తిరగరాసినట్టు నడిపించడానికి.

డిస్కు ఏదో తెలుసుకోవాలంటే ఇమేజ్‌ను హెక్స్ ఎడిటర్‌లో తెరవండి. డిస్క్రిప్టర్ల వెంట ఎన్‌ఎస్‌ఆర్02 అని కనిపిస్తే 1.50 గానీ అంతకు ముందుది గానీ, ఎన్‌ఎస్‌ఆర్03 అని ఉంటే 2.00 గానీ ఆపైది గానీ. యూడీఎఫ్ యాంకర్ 256వ సెక్టారులో ఉంటుంది. లినక్స్‌లో యూడీఎఫ్‌ఇన్‌ఫో అనే చిన్న ప్రోగ్రాం ఇదంతా ఒక్క తెర మీద చూపిస్తుంది.

మిర్యాలగూడ_మిక్సింగ్
మరి విండోస్ 11ల డ్రాగ్ చేసిన డిస్కు ప్లేయర్‌ల రాకపోవుడు దేనివల్ల? దాంట్ల వెర్షన్ అడగనే లేదు.

వనపర్తి_విండోస్
ఖాళీ డిస్కు పెట్టగానే విండోస్ రెండు దారులు చూపిస్తుంది. పైది "యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ లాగా", కిందది "సీడీ, డీవీడీ ప్లేయర్‌తో". పైదే ముందుగా ఎంపికై ఉంటుంది కాబట్టి అందరూ అదే నొక్కేస్తారు. అది లైవ్ ఫైల్ సిస్టమ్. అడగకుండానే యూడీఎఫ్ 2.01 పడుతుంది, పక్కన ఐఎస్‌ఓ జాబితా ఉండదు. ప్లేయర్‌కు చదవడానికి ఏమీ దొరకదు.

మీకు కావలసింది కిందది, మాస్టర్డ్ అంటారు. ఫైళ్ళన్నీ హార్డ్‌డిస్కులో పోగుచేసి ఒక్క ఊపులో రాస్తుంది. సీడీ అయితే ఐఎస్‌ఓ, జోలియెట్. డీవీడీ అయితే వాటితోపాటు యూడీఎఫ్ 1.02.

లైవ్‌లోనే వేరే వెర్షన్ కావాలంటే డ్రైవ్ మీద రైట్ క్లిక్, ఫార్మాట్, ఫైల్ సిస్టమ్ డబ్బాలో 1.02 నుంచి 2.50 దాకా ఉంటాయి. డీవీడీ-ఆర్ మీద లైవ్ వాడితే ఒక ఫైల్ చెరిపినా చోటు తిరిగి రాదు, పేరు మాత్రమే పోతుంది.

దేవరకొండ_డ్రైవ్
లైవ్‌ల ఇంకో ముఖ్యమైనది: సెషన్, అంటే ఒక విడత రాసింది, మూయాలె. ఎజెక్ట్ నొక్కితే విండోస్ తనంతల తను మూస్తది. మూస్తుండంగ కరెంటు పోయినా, పిన్ను గుచ్చి ట్రే గుంజినా వ్యాట్ పూర్తి కాదు. ఆ డిస్కు రాసిన డ్రైవ్‌ల వస్తది, వేరేదాంట్ల రాదు.

అప్పుడు విండోస్ "డిస్కును ఫార్మాట్ చెయ్యాలా" అని అడుగుతది. అవును అని నొక్కద్దు. ఆర్‌డబ్ల్యూ డిస్కు అయితే ఉన్నదంత పోతది. ముందు దాన్ని రాసిన డ్రైవ్‌లనే పెట్టి చూడుండ్రి. కాకపోతే ఐసోబస్టర్ లాంటి దాంతోని తెరుస్తే వెనకటి వ్యాట్ దొరుకుతది, ఎందుకంటే ప్రతి కొత్త వ్యాట్ తనకంటె ముందుది ఎక్కడున్నదో రాసిపెట్టుకుంటది. చివరిసారి ఎక్కించినయి పోయినా అంతకుముందటియి చేతికొస్తయి.

నకిరేకల్_నెట్
ఈ ఒక్క మాట ప్రతి నెట్ సెంటర్ గోడకు అంటించాలె అన్నా 🙏

పాలమూరు_పెంగ్విన్
గీతలు పడ్డయి, ఎండకు రంగు పోయినయి అయితే నేరుగ ఫైళ్ళు కాపీ చెయ్యద్దు. డీడీరెస్క్యూతోని మొత్తం డిస్కును ఇమేజ్ తీయాలె. బ్లాక్ సైజ్ 2048 ఇయ్యాలె. మొదటి చుట్టు గీకకుండ, అంటే చెడిన చోట ఆగకుండ దాటిపోయేటట్టు. రెండో చుట్టు డైరెక్ట్ మోడ్‌ల మూడు సార్లు మళ్ళ ప్రయత్నం. మ్యాప్ ఫైల్ తప్పక పెట్టుండ్రి. అదే మ్యాప్‌తోని రెండో డ్రైవ్‌ల పెడితే మొదటి డ్రైవ్ చదవని సెక్టార్లు మాత్రమే అడుగుతది. ఒక డ్రైవ్‌కు రానిది ఇంకో దానికి వచ్చుడు మామూలే.

మన నల్లగొండ, పాలమూరు ఎండలకు డిస్కులు రేకుల షెడ్డుల, కారు డ్యాష్‌బోర్డు మీద అస్సలు ఉంచద్దు. సీడీ-ఆర్‌ల సమాచారం ఉండేది రంగు పొరలనే, వేడి వెలుతురు రెండూ దానికి పడవు.

జడ్చర్ల_బర్నర్
సరే, ప్లేయర్ సంగతి ఒప్పుకున్న. గానీ ఎడిట్ చేసిన ఒరిజినల్ ఫైల్ 4.4 జీబీ ఉంటే ఐఎస్‌ఓల ఎట్ల పెడ్తరు?

సెక్టార్16
అక్కడ మీ మాటే నెగ్గుతుంది. ఐఎస్‌ఓలో ఫైల్ ముక్క సైజు 32 బిట్లలో రాస్తారు. ఒక్క ముక్కగా పోగలిగేది 4,294,967,295 బైట్ల దాకా. ఒక పొర డీవీడీ+ఆర్ పట్టేది 4,700,372,992 బైట్లు. అంటే డిస్కులో పడుతుంది, ఐఎస్‌ఓ జాబితాలో పట్టదు అనే సందు ఒకటి ఉంది. మీ 4.4 జీబీ సరిగ్గా ఆ సందులోదే. మూడో లెవెల్ ఐఎస్‌ఓలో ఫైల్‌ను ముక్కలుగా రాయవచ్చు కానీ చదివే వాళ్ళందరూ ఆ ముక్కలు కలపరు. అలాంటి ఫైల్‌కు యూడీఎఫ్ పెట్టండి.

జెన్‌ఐసోఇమేజ్‌లో "లిమిటెడ్ సైజ్" అనుమతించే ఆప్షన్ ఉంది. అది ఐఎస్‌ఓ జాబితాలో తగ్గించిన సైజు, యూడీఎఫ్‌లో అసలు సైజు రాస్తుంది. అలాంటి డిస్కును ఐఎస్‌ఓగా తెరిచినవాళ్ళకు వీడియో మధ్యలో తెగిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. ఇతరులకిచ్చే డిస్కుకు అది వద్దు.

పాలమూరు_పెంగ్విన్
జెన్‌ఐసోఇమేజ్‌ల యూడీఎఫ్ టిక్కు పెట్టినంత మాత్రాన పొడుగు పేర్లు వస్తయనుకోవద్దు. దాంట్ల యూడీఎఫ్ జాబితా జోలియెట్ జాబితాతోని ముడిపడి ఉంటది, దాని మాన్యువల్‌లనే రాసిన్రు. జోరిసో అయితే యూడీఎఫ్ అసలు చెయ్యనే చెయ్యదు.

లినక్స్‌ల అసలైన యూడీఎఫ్ కావాలంటే: ట్రంకేట్‌తోని 4,700,372,992 బైట్ల ఖాళీ ఫైల్ చెయ్యాలె, ఎంకేయూడీఎఫ్‌ఎస్‌తోని ఫార్మాట్, లూప్ మౌంట్, కాపీ, అన్‌మౌంట్, గ్రోఐసోఎఫ్‌ఎస్‌తోని డిస్కుకు. ఫార్మాట్ చేసేటప్పుడు బ్లాక్ సైజ్ 2048 అని చెప్పుడు మరిస్తే హార్డ్‌డిస్కు లెక్కన 512 పడ్తది. ఇమేజ్ కంప్యూటర్‌ల మౌంట్ అయితది, డిస్కుకు కొట్టినంక తెరుచుకోదు. వెర్షన్ చెప్పకపోతే 2.01.

వనపర్తి_విండోస్
విండోస్‌లో అయితే డిస్కులు కొట్టే ప్రోగ్రాం ఇమ్‌గ్‌బర్న్. 2013 నాటి 2.5.8 వెర్షనే ఆఖరుది, ఇప్పటికీ నడుస్తుంది. ఆప్షన్స్ ట్యాబ్‌లో ఫైల్ సిస్టమ్ ఐఎస్‌ఓ, జోలియెట్, యూడీఎఫ్ కలిపి పెట్టి, పక్క డబ్బాలో యూడీఎఫ్ 1.02 ఎంచుకోండి.

గద్వాల_కీబోర్డు
మ్యాక్ గురించి ఎవరూ రాయలేదు. కొత్త డిస్కులకు భయం లేదు. ఐఎస్‌ఓ, జోలియెట్, రాక్ రిడ్జ్, యూడీఎఫ్ అన్నీ మ్యాక్ చదువుతుంది, 2.50 అయితే 10.5 నుంచి. మ్యాక్‌లోనే ఇమేజ్ చేయాలంటే హెచ్‌డీఐయూటిల్‌లో మేక్‌హైబ్రిడ్ ఉంది, ఐఎస్‌ఓ, జోలియెట్ రెండూ అడగాలి.

చిక్కంతా డీటీపీ సెంటర్లలో మిగిలిన పాత మ్యాక్ సీడీలతో. వాటిలో చాలావరకు హెచ్‌ఎఫ్‌ఎస్ అనే పాత మ్యాక్ పద్ధతివి, 1998కి ముందటివి. విండోస్ వాటిని చూడనే చూడదు. మ్యాక్‌లో 10.6 నుంచి వాటి మీద రాయడం పోయింది, 10.15 నుంచి చదవడం కూడా పోయింది. లినక్స్ కెర్నల్‌లో హెచ్‌ఎఫ్‌ఎస్ డ్రైవర్ ఉంది.

కానీ అక్కడ మౌంట్ చేసి తెలుగు ఫాంట్లు కాపీ చేస్తే సున్నా కేబీ ఫైళ్ళు వస్తాయి. పాత మ్యాక్ ఫైల్‌కు డేటా ఫోర్క్, రిసోర్స్ ఫోర్క్ అని రెండు భాగాలు. ఫాంట్ సూట్‌కేసులో (ఫాంట్లు కట్టగట్టిన ఫైల్) సరుకంతా రిసోర్స్ ఫోర్క్‌లో ఉంటుంది, మామూలు కాపీ డేటా ఫోర్క్‌ను మాత్రమే తీస్తుంది. హెచ్‌ఎఫ్‌ఎస్‌యూటిల్స్‌లోని హెచ్‌కాపీని మ్యాక్‌బైనరీ మోడ్‌లో వాడితే రెండూ కలిసి ఒక ఫైల్‌గా వస్తాయి. ఫాంట్ మార్చే ప్రోగ్రాంకు ఆ ఫైలే ఇవ్వాలి. సున్నా కేబీ చూసి డిస్కు పాడైందని పారేయకండి, దయచేసి. పాత పుస్తకాల పేజీలు ఆ ఫాంట్లు లేకుండా తెరుచుకోవు.

నకిరేకల్_నెట్
డిస్కు తెరిస్తే రీడ్‌మీ ఒక్కటే కనిపిస్తది, "ఈ డిస్కుకు యూడీఎఫ్ కావాలి" అని రాసి ఉంటది. ఫైళ్ళు ఎటుపోయినట్టు?

సెక్టార్16
ఎక్కడికీ పోలేదు. ఆ డిస్కులో ఐఎస్‌ఓ జాబితా నామమాత్రం, అందులో ఆ రీడ్‌మీ ఒక్కటే పెడతారు. విండోస్ ఇన్‌స్టాల్ డిస్కులు ఇలాగే ఉంటాయి. మీ సిస్టం దాన్ని ఐఎస్‌ఓగా తెరిచింది. లినక్స్‌లో మౌంట్ చేసేటప్పుడు రకం యూడీఎఫ్ అని మీరే చెప్పండి.

దేవరకొండ_డ్రైవ్
మల్టీసెషన్ సీడీల గూడ ఇట్లనే "ఫైళ్ళు పోయినయి" అంటరు. రెండోసారి ఎక్కించేటప్పుడు పాత సెషన్‌ను దిగుమతి చేస్కోకపోతే కొత్త జాబితాల కొత్తయే ఉంటయి. సిస్టం ఆఖరి సెషనే చూపిస్తది. లినక్స్‌ల మౌంట్‌కు సెషన్ నంబర్ ఇస్తే పాతయి కనవడ్తయి. చోటు గూడ పోతది: మొదటి సెషన్ మూస్తే 22 ఎంబీ దాక, తర్వాత ఒక్కోదానికి 13 ఎంబీ దాక.

మిర్యాలగూడ_మిక్సింగ్
ఇప్పుడు సమజైంది. సెట్‌కు రెండు డిస్కులు చేస్తం. టీవీకి ఒకటి డీవీడీ వీడియో. కంప్యూటర్‌కు ఒకటి డేటా, ఇమ్‌గ్‌బర్న్‌ల ఐఎస్‌ఓ, జోలియెట్, యూడీఎఫ్ 1.02. పేర్లన్నీ 60 గుర్తుల లోపు, భాగం నంబరు ముందల. 4.4 జీబీ ఫైల్‌ను రెండు ముక్కలు చేస్తం. ఇంకేమన్న చూస్కోవాల్నా?

సెక్టార్16
డీవీడీ వీడియోకు ఫోల్డర్‌ను మామూలు డేటాలా లాగి పడేయకండి. ఐఎఫ్‌ఓ, వీఓబీ, బీయూపీ ఫైళ్ళు డిస్కు మీద ఒక వరసలోనే ఉండాలి. ఇమ్‌గ్‌బర్న్ ఆ ఫోల్డర్ పేరు గుర్తుపట్టి సరిచేస్తుంది, జెన్‌ఐసోఇమేజ్‌కు డీవీడీ-వీడియో ఆప్షన్ ఇవ్వాలి. ఒక్కో వీఓబీ 1 జీబీ దాటకూడదు.

వనపర్తి_విండోస్
40 కొట్టే ముందు ఇమేజ్ ఫైల్ ఒకటి చేసి విండోస్ 10లో డబుల్ క్లిక్ చేయండి, డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. పేర్లు అక్కడే సరిచూసుకోవచ్చు, డిస్కు ఖర్చు లేదు. ప్రతి డిస్కుకు వెరిఫై టిక్కు వదలకండి.

పాలమూరు_పెంగ్విన్
ఫైళ్ళ షా-256 మొత్తాలు, అంటే ఫైల్ మారిందో లేదో చెప్పే గుర్తులు, ఒక టెక్స్ట్ ఫైల్‌ల రాసి డిస్కుల పెట్టుండ్రి. ఆ ఒక్క ఫైల్‌కు మాత్రం ఇంగ్లీషు పెద్దక్షరాలల్ల ఎనిమిది లోపు పేరు. ఏ జాబితా చదివినా అది దొరుకుతది.

దేవరకొండ_డ్రైవ్
ఖాళీ డిస్కులు కొనేటప్పుడు అన్నీ డీవీడీ-ఆర్ గానీ, అన్నీ డీవీడీ+ఆర్ గానీ ఒక్క రకమే తీస్కోండ్రి. డీవీడీ-ఆర్‌ల 2,298,496 సెక్టార్లు, ప్లస్‌ల 2,295,104. తేడా 3,392 సెక్టార్లు, 7 ఎంబీకి కొంచెం తక్కువ. మైనస్‌కు నిండుగ చేసిన ఇమేజ్ ప్లస్‌ల పట్టదు. రెండు రకాలు కలిసి వస్తే ఇమేజ్‌ను ప్లస్ లెక్కకే చేస్కోండ్రి.

మిర్యాలగూడ_మిక్సింగ్
దుకాణంల ఉన్నయి ప్లసే. ఇమేజ్ చేసి మౌంట్ చేసిన, విండోస్ 10ల సున్నా వచ్చింది: "02 కళ్యాణోత్సవం యాదగిరిగుట్ట". ఎక్స్‌పీ సిస్టంల రేపు నమూనా డిస్కు పెట్టి చూసి ఇక్కడనే రాస్త.